క్యాంపు కత్తులూ, మా సంచులూ

నా మొదటి క్లాసులోనే కత్తి నా చేతిలో ఊడిపోయింది. విశాఖపట్నం నుంచి వచ్చిన బడిపిల్లలు నా చుట్టూ గడ్డిలో కూర్చున్నారు. నేను ఎండు వెదురు ముక్క నిలబెట్టి, "పొయ్యికి సన్న పుల్లలు ఇలా చీల్చుకోవాలి" అంటూ ఒక దెబ్బ వేశాను. పిడి నా గుప్పిట్లో ఉండిపోయింది. కోసే అలుగు మాత్రం ఎగిరి, నాకూ ముందు వరస పిల్లలకూ మధ్య పడింది. అదృష్టం, ఎవరికీ తగల్లేదు. పిల్లలంతా ఒకేసారి నవ్వారు. వాళ్ళతో వచ్చిన మాస్టారు కూడా నవ్వుతూ, "ఏమ్మా, మీ కొండ కత్తులన్నీ ఇలాగే ఉంటాయా?" అన్నారు.

అది మా కొండ కత్తి కాదు. మా యజమాని పట్నంలో కొనుక్కొచ్చిన కత్తి. అయినా తల దించుకుని గడ్డిలో అలుగు వెతుక్కున్నాను. ఆ రోజు ఇంటికి వెళ్ళాక మా అత్త "కొత్త పని ఎలాగున్నాదే?" అని అడిగితే, "బాగుంది" అని చెప్పి దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

నా పేరు ఎస్తేరు. మిషన్ హాస్టల్లో పదో తరగతి దాకా చదివాను. అరకు దగ్గర ఒక ప్రైవేటు క్యాంపులో గుడారాలు, తాళ్ళు, కత్తులు చూసుకోవడం, వచ్చినవాళ్ళకి వాటిని వాడటం నేర్పడం నా పని. మోకాళ్ళు మొరాయించే దాకా అదే చేశాను. ఇప్పుడు ఈ లోయలో కాస్త చదును నేల కనిపిస్తే చాలు, గుడారాలు లేస్తున్నాయి. మా ఊళ్ళ ఆడపిల్లలూ మగపిల్లలూ వాటిల్లో పనికి చేరుతున్నారు. ఏ కత్తి కొనాలి, ఎలా చూసుకోవాలి అని దారిలో ఆపి మరీ అడుగుతుంటారు. తెలిసినంతా చెప్తాను. కానీ ఇన్నేళ్ళ ఈ పనిలో నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది సిగ్గు. దాన్ని పక్కన పెట్టి ఉత్త కత్తుల సంగతి చెప్తే అబద్ధం చెప్పినట్టు ఉంటుంది. అందుకని రెండూ కలిపే రాస్తున్నాను.

పిడి లోపల ఏముంది

మా యజమానిని అందరం మూర్తి సార్ అనేవాళ్ళం. మంచి మనిషి. జీతం ఎగ్గొట్టలేదు, నోరు పారేసుకోలేదు. ఎవరితోనూ గొడవ పడటం ఇష్టం లేని మనిషి కూడా. ఆ చివరి గుణం ఎంత ఖరీదైనదో తర్వాత తెలిసింది. ఆయనకి కొత్త వస్తువులంటే చిన్నపిల్లాడి సంబరం. నా చేతిలో ఊడిన కత్తి అలాంటి సంబరంతో కొన్నదే. వీపు మీద రంపం పళ్ళు, బోలు పిడి, పిడి మూతలో దిక్సూచి, లోపల నాలుగు అగ్గిపుల్లలు.

"చూశావా ఎస్తేరమ్మా, ఇదొక్కటి ఉంటే అడవిలో తప్పిపోయినా బతికేయొచ్చు" అన్నారు నాకు మొదటిసారి చూపించినప్పుడు.

"మా ఊరి అడవే కదా సార్, నానెలా తప్పిపోతాను?" అన్నాను. ఆయన పెద్దగా నవ్వారు.

ఊడిన అలుగుని తర్వాత పరీక్షగా చూశాను. పిడి మొదట్లోనే ఆగిపోయింది. ఒక్క నట్టు దాన్ని పట్టుకుని ఉంది. అందుకే మీకు చెప్పే మొదటి మాట ఇది: మడతపడని కత్తి కొనేటప్పుడు మెరుపు చూడకండి, పిడి చూడండి. అలుగు ఇనుము పిడి చివరి దాకా వెళ్ళాలి. మంచి కత్తుల్లో పిడి వీపున ఆ ఇనుము గీతలా కనిపిస్తుంది. రెండు మూడు రివిట్లు ఉండాలి, అవి కదలకూడదు. పిడి మూసి ఉండి లోపలేముందో తెలియకపోతే అమ్మేవాడిని అడగండి. సరిగ్గా చెప్పలేకపోతే ఆ కత్తి వద్దు.

అలుగు బెత్తెడు కన్నా కాస్త ఎక్కువుంటే చాలు. రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం ఉంటే పుల్లలు చీలుతాయి, ఉల్లిపాయా తరుగుతుంది. రంపం పళ్ళు ఎందుకూ పనికిరావు, చెక్కలో ఇరుక్కుంటాయి. నల్ల పిడి అందంగా ఉంటుంది గానీ ఆకుల్లో పడితే కనపడదు. ఎర్రదో నారింజదో కొనండి, లేదా పిడి చివర ఎర్ర గుడ్డ పీలిక కట్టండి.

ఆ తర్వాత మూర్తి సార్ "అయితే నువ్వే కొను" అన్నారు. నేను గర్వంగా సంతకి వెళ్ళి, కమ్మరి దగ్గర ఇష్టమొచ్చినట్టు ఏరుకుని ఒక సంచి నిండా తెచ్చాను. పాత లారీ కమాను పట్టీతో చేసిన కత్తులు. "మా సంత కత్తులు చూడండి సార్, పట్నం కత్తులు వీటి ముందు ఎందుకు పనికొస్తాయి" అని అందరి ముందూ గొప్పలు పోయాను. వారం తిరగకుండా ఒకటి వెదురు కణుపు మీద వంకర పోయింది, ఇంకొకటి అంచు గాజులా పెచ్చు లేచింది. మిగతావి బంగారం. ఒకే కమ్మరి, ఒకే కొలిమి. ఒకటి ఎక్కువ కాలింది, ఒకటి తక్కువ కాలింది, అంతే. మూర్తి సార్ ఆ వంకర కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టారు. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి సంతకి వెళ్తే సంచిలో చిన్న ఆకురాయి పెట్టుకుని వెళ్ళేదాన్ని. అంచు మీద ఆకురాయితో మెల్లగా గీరినప్పుడు మైనంలా తెగిపోతే ఆ ఇనుము మెత్తన. కాస్త జారుతూ, కాస్త పడుతూ ఉంటే మంచిది. అసలు పట్టకుండా జారిపోతే పెళుసు. వంటకి మాత్రం ప్లాస్టిక్ పిడి ఉన్న మామూలు స్టీలు కత్తులు కొన్నాను. వచ్చిన గెస్టుల బూట్ల లేసులకి పెట్టే ఖర్చు కూడా వాటికి కాదు. పుల్లల పనికి సంత కత్తులు, తిండి పనికి స్టీలు కత్తులు. మీకు కూడా ఇంతకన్నా ఎక్కువ అవసరం లేదు.

తుప్పు, నూనె, సాన

మా లోయలో వానాకాలం మబ్బు గుడారంలోకే వచ్చి కూర్చుంటుంది. సంత కత్తిని రాత్రి తోలు ఒరలో పెట్టి పొద్దున్న తీస్తే నారింజ రంగు. తోలు తడిని పట్టి ఉంచుతుంది. అందుకే కత్తి వేరుగా, ఒర వేరుగా దాచాలి. ఒర ప్రయాణంలో వేసుకునే చొక్కా లాంటిది, పడుకునే పరుపు కాదు.

ఇది తెలియక ముందు తుప్పుకి మందని ఇంట్లో వంటకి వాడే వలిసె నూనె దట్టంగా పూసి, కత్తులన్నీ ఒరల్లో దోపి పెట్టాను. వలిసె నూనె గాలికి బంకలా తయారవుతుందని అప్పుడు నాకు తట్టలేదు. కొన్నాళ్ళకి బ్యాంకు ఉద్యోగుల గుంపు వచ్చింది. "ముందుగా కత్తిని ఒరలోంచి ఎలా తీయాలో చూడండి" అన్నాను. కత్తి రాలేదు. లాగాను, రాలేదు. ఒరని కాలితో తొక్కిపట్టి లాగాను. ఎవరో ఫోను తీసి వీడియో పడుతున్నారు.

అప్పుడు కట్టెల మోపుతో వచ్చాడు బుద్రా. పక్క ఊరివాడు, వరసకి నాకు బావ. క్యాంపులో మంటలు వేసే పని, వెదురు కొట్టే పని ఆయనది. నాకన్నా పెద్దవాడు. మోపు దించి, నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను చూశాడు.

"ఏటి మరదలా, కత్తితో కుస్తీ పడతన్నావేటి?"

"బంక పట్టీసింది బావా."

"దాన్ని ఒగ్గీ. నీళ్ళు కాగతన్నాయి, అందులో ముంచు. ఈ బాబుల్ని ఈలోగా నాను నవ్విత్తాను." నిజంగానే నవ్వించాడు. నేను వేడినీళ్ళలో ఒరలు ముంచి కత్తులు ఊడదీసే దాకా ఎలుగుబంటి తనని చూసి పారిపోయిన కథ చెప్పాడు. నా సిగ్గు ఎవరికీ కనపడకుండా అడ్డం నిలబడ్డాడు. బుద్రా బావ అలాంటి మనిషి.

పని అయ్యాక కత్తిని కడిగి, గుడ్డతో తుడిచి, పొయ్యి దగ్గర కాసేపు ఆరబెట్టండి. పొయ్యి మీద కాదు. తర్వాత కొబ్బరినూనె ఒక్క చుక్క, కనపడీ కనపడనంత పొర. చలికాలంలో మా దగ్గర కొబ్బరినూనె గడ్డ కడుతుంది, అరచేతిలో కరిగించి రాయండి. ఇనుము నల్లబడితే కంగారు పడొద్దు, అది దాని చర్మం. నారింజ రంగు వస్తేనే బూడిదా కొబ్బరిపీచూ పట్టుకోండి.

సానకి రెండు మొహాల రాయి ఒకటి కొనుక్కుంటే ఏళ్ళు వస్తుంది. రాయి తడిపి, అలుగు వీపుకీ రాయికీ మధ్య చిటికెన వేలు గోరు దూరేంత సందు ఉంచి, రెండు వైపులా ఒకే లెక్కన నడపండి. చివర్లో పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగండి. నిప్పురవ్వలు ఎగిరే మిషను మీద పెట్టించొద్దు, అలుగు కాలి దాని గట్టిదనం పోతుంది. మొండి కత్తికి బలం ఎక్కువ పెడతాం, బలం ఎక్కువైతే చెయ్యి జారుతుంది. నేను చూసిన గాయాల్లో చాలావరకు మొండి కత్తులవే.

ఇంకొకటి. కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వకండి. దుంగ మీదో నేల మీదో పెట్టాలి, అవతలివాళ్ళు తీసుకోవాలి. ఇది నేను ప్రతి గుంపుకీ నేర్పాను. ఇది మంచి పద్ధతే, ఇప్పటికీ అదే చెప్తాను. కానీ నన్ను అవమానంలోకి తోసింది కూడా ఇదే.

పోయిన కత్తి

చలికాలం. ఒక పెద్ద ఆఫీసు నుంచి గుంపు వచ్చింది. వాళ్ళ పెద్ద కిశోర్ గారు. నెమ్మదైన మనిషి, నన్ను "ఆంటీ" అని మర్యాదగా పిలిచేవారు. ఆయన నడుముకి విదేశీ కత్తి ఉంది. సాయంత్రం క్లాసు అయ్యాక దాన్ని తీసి దుంగ మీద పెట్టి, "ఆంటీ, మీరొకసారి వాడి చూడండి" అన్నారు.

చూశాను. నిజం చెప్పాలంటే మనసు పారేసుకున్నాను. చేతిలో ఒదిగిపోయింది. ఎండు పుల్లని ఈకల్లా చెక్కితే ఒక్క ఈక కూడా తెగి పడలేదు. "చాలా మంచి కత్తి సార్" అన్నాను అందరి ముందూ, రెండుసార్లు. తర్వాత దుంగ మీద పెట్టాను. కిశోర్ గారికి అప్పుడే ఫోను వచ్చింది. ఆయన మాట్లాడుతూనే కత్తి తీసుకుని, మంచు పడుతోందని, బయట కూర్చోవడానికి పరుచుకున్న తన చాప చుట్టుకోవడానికి వెళ్ళారు. తీసుకోవడం నేను నా కళ్ళతో చూశాను. ఫోను ధ్యాసలో ఆయనకి అది గుర్తు లేదు.

మర్నాడు పొద్దున్న కత్తి లేదు. గుడారం అంతా వెతికారు. కిశోర్ గారు మూర్తి సార్‌తో అన్న మాట నాకు వినపడింది: "లాస్ట్ టైమ్ ఆంటీ చేతిలో చూశాను. ఆవిడ తీశారని నేననట్లేదు సార్. గుర్తున్నది చెప్తున్నాను."

"ఆయన దుంగ మీద నుంచి తీసుకున్నారు సార్, నేను చూశాను" అన్నాను. మూర్తి సార్ నన్ను పక్కకి పిలిచారు.

"ఎస్తేరమ్మా, మన స్టాఫ్ సంచులు ఒక్కసారి చూపించేస్తే వాళ్ళ మనసు కుదుటపడుతుంది. నీ మీద నాకు అనుమానమా, చెప్పు?"

"అందరి సంచులా సార్? వాళ్ళవి కూడానా?"

"గెస్టుల బ్యాగులు ఎలా అడుగుతామమ్మా?"

నాకు ఆ క్షణంలో కోపం రాలేదు. అది గుర్తొస్తే ఇప్పుడు వింతగా ఉంటుంది. త్వరగా అయిపోతే చాలనుకున్నాను. సామాను నా బాధ్యత కాబట్టి ముందు నేనే వెళ్ళి, టార్పాలిన్ మీద నా సంచి బోర్లించాను.

ఒక మార్పు చీర. మాత్రల అట్ట. న్యూస్‌పేపర్లో చుట్టిన నిన్నటి పూరీలు, రెండు మైసూర్‌పాకు ముక్కలు. గెస్టులు వాడి వదిలేసిన సబ్బుముక్క. పూరీలు వంటవాడే ఇచ్చాడు, రోజూ మిగిలినవి అందరం పట్టుకెళ్ళేవాళ్ళం. అందులో తప్పేమీ లేదు. కానీ పట్నం నుంచి వచ్చిన అంతమంది నిలబడి చూస్తుండగా, నూనె పీల్చుకున్న ఆ కాగితం పొట్లం ఎండలో విప్పుకుంది. ఒకామె మొహం పక్కకి తిప్పుకుంది. వెనక నుంచి ఎవరో మెల్లగా "పాపం" అన్నారు.

దొంగవన్నా నేను సమాధానం చెప్పేదాన్ని. పాపం అంటే ఏం చెప్పాలి?

గబగబా అన్నీ సంచిలో కుక్కుకున్నాను. వంటవాడు తన సంచి చూపించాడు. ఆ తర్వాత బుద్రా బావ వంతు. ఆయన కట్టెల దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు, గుడ్డ సంచి భుజానే ఉంది. కదల్లేదు.

"తెరు బావా" అన్నాను. "బేగి తెరిసీ, అయిపోద్ది."

ఆయన నా వైపు చూశాడు. నవ్వించే మొహం కాదది.

"నువ్వు తెరిసినావని నానూ తెరవాలా?"

"ఏటుందని బావా అందులో?"

"ఏటీ నేదు. అందుకే తెరవను."

మూర్తి సార్ దగ్గరికి వచ్చారు. "బుద్రా, నువ్వు తెరవకపోతే వాళ్ళు ఏమనుకుంటారు చెప్పు?"

"ఆలు అనుకోడం అయిపోనాది కదా సార్" అని లేచి, తువ్వాలు దులుపుకుని, కాలిబాటన కిందికి దిగిపోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

"వదిలేయండి సార్, ఒక కత్తే కదా" అన్నారు కిశోర్ గారు. పెద్ద మనసుతో దొంగని క్షమించేసిన గొంతు. "బావ తీయలేదు సార్, ఆయన అలాంటోడు కాదు" అని నేను గట్టిగానే అన్నాను. కిశోర్ గారు తల ఊపారు. మూర్తి సార్ చేత్తో ఇక చాలని సైగ చేశారు. బస్సు వచ్చింది, వాళ్ళు వెళ్ళిపోయారు.

ఈ లోయలో మాట జీపు కన్నా ముందు పోతుంది. వచ్చే సంత నాటికి అందరికీ తెలుసు. క్యాంపులో దొర కత్తి పోయింది, అందరూ సంచులు చూపించారు, బుద్రా చూపించలేదు. ఇనప సామాన్ల కొట్టు దగ్గర బావ కొడవలి చేతిలోకి తీసుకుంటే, పల్లం నుంచి వచ్చిన కొట్టాయన "చూసి అక్కడే పెట్టీ" అన్నాడని ఆయన భార్య నాతో చెప్పింది. ఇంకో క్యాంపులో పని అడిగితే తర్వాత చెప్తామన్నారట. వాళ్ళు తర్వాత చెప్పలేదు.

దొరికాక

కొన్నాళ్ళకి మూర్తి సార్ నవ్వుతూ వచ్చారు. "ఎస్తేరమ్మా, దొరికిందట! ఆయన చుట్టిన చాపలోనే ఉందట. ఇంటికెళ్ళి అటక మీద పడేశారు, మొన్న విప్పితే బయటపడింది. పాపం, చాలా ఫీలయ్యారు."

ఆ పాపం ఈసారి కిశోర్ గారికి వచ్చింది.

"మరి అందరికీ చెప్పాలి కదా సార్" అన్నాను.

"అయిపోయినదాన్ని మళ్ళీ ఎందుకమ్మా కెలకడం? నీకు తెలుసు, నాకు తెలుసు."

మరి కొన్నాళ్ళకి ఒక పార్సిల్ వచ్చింది. మూర్తి సార్ సంబరంగా విప్పి నా ముందు పెట్టారు. అదే కత్తి. కిశోర్ గారు నాకు కానుకగా పంపారట, క్షమించమన్నారట. "ఎంత మంచి మనసో చూడు. నీకు నచ్చిందన్నావు కదా, తీసుకో."

నేను చెయ్యి చాచలేదు.

"సార్, రేపు ఇది నా నడుముకి చూస్తే ఊరంతా ఏటంటాది?"

ఆయనకి అర్థం కాలేదు. మెల్లగా అర్థమైంది. నవ్వు ఆగిపోయింది. ఆ కత్తి నా చేతిలో ఉన్న మరుక్షణం అది కానుక కాదు, సాక్ష్యం. వీళ్ళే తీశారు, దాచారు, ఇప్పుడు బయటపెట్టారు అంటారు. ఆ మంచి మనిషికీ, ఈ మంచి మనిషికీ ఆ ఆలోచనే రాలేదు. రావాల్సిన అవసరం వాళ్ళకెప్పుడూ పడలేదు. వాళ్ళు నడుముకి కత్తి పెట్టుకుంటే సరదా. నేను పిడులు వేయించడానికి పాత కత్తులు గుడ్డలో చుట్టుకుని బస్సెక్కితే, పక్క సీటు వాళ్ళు లేచి ముందుకి వెళ్ళిపోయేవారు.

"దీన్ని మీరే సంతకి పట్టుకెళ్ళండి సార్. బుద్రా బావ ముందు, అందరూ వింటుండగా, ఎక్కడ దొరికిందో చెప్పండి. అది చాలు మాకు."

సరేనన్నారు. కానీ సంతకి వెళ్ళలేదు. ఒక మామూలు రోజున, బావ కాఫీ తోటకి వెళ్ళిన వేళ చూసి, ఆయన ఇంటికి వెళ్ళారు. ఒక మిఠాయి డబ్బా, ఒక కొత్త స్వెట్టరు ఆయన భార్య చేతిలో పెట్టి, "తప్పుగా అనుకోవద్దని చెప్పమ్మా" అని వచ్చేశారు. తను చేయగలిగింది చేశానని ఆయన నమ్మారు. ఆయన మీద నాకు పగ లేదు. కానీ ఈ పనికి వచ్చే మీకు చెప్తున్నాను: నలుగురిలో చేసిన అవమానానికి ఇంటికెళ్ళి చెప్పే సారీ సరిపోదు. మీ పైవాళ్ళు ఎంత మంచివాళ్ళయినా ఈ మాట మీరే గట్టిగా చెప్పాలి. నేను ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను.

ఆ సాయంత్రమే బావ తోటకి వెళ్ళాను. ఆయన మిరియం తీగలు కడుతున్నాడు. సారే చెప్తారని అన్నాళ్ళూ ఆగిన మాట, కత్తి దొరికిందని, నేనే చెప్పాను.

"దొరికిందా? మంచిదే" అన్నాడు, తీగ వదలకుండా.

"పనికి రా బావా. సారు రమ్మన్నారు."

"రాను."

"ఆలు తప్పు తెలుసుకున్నారు కదా."

బావ తాడు ముడి బిగించి అప్పుడు ఇటు తిరిగాడు. "ఆలు అన్నారని నాకేటీ నేదే. ఆలకి నానెవుడో తెలీదు. నువ్వు తెరు అన్నావు సూడు. నీకు తెలుసు కదా నానెవుడో."

అందరి ముందూ నా సంచి తెరిచినప్పుడు వచ్చిన సిగ్గు చిన్నదైపోయింది. నేను దొంగని కాదని చూపించుకోవాలన్న తొందరలో నా సంచి విప్పాను. నేను విప్పడం వల్లే, విప్పనివాడు దొంగయ్యాడు.

ఆ తర్వాత పెట్టిన పద్ధతి

పని మానేద్దామనుకున్నాను. ఇల్లు గడవాలి, మానలేదు. కానీ మూర్తి సార్‌తో ఒక షరతు పెట్టాను. ప్రతి సాయంత్రం క్యాంపులో పదునున్న వస్తువులన్నీ ఒకే టార్పాలిన్ మీదికి రావాలి. మావి, గెస్టులవి, సార్‌ది కూడా. అందరి ముందూ తుడిచి, నూనె రాసి, పెట్టెలో పెడతాం. పొద్దున్న అందరి ముందే తీస్తాం. ఎవరి వస్తువు వాళ్ళు దుంగ మీద నుంచి తీసుకుంటూ, "తీసుకున్నాను" అని నోటితో అనాలి. ఏదైనా పోతే అందరం కలిసి నేల వెతుకుతాం. సంచి ఎవరిదీ తెరవం. తెరవాల్సి వస్తే ముందు సార్ సంచి, తర్వాత గెస్టులవి, చివర మావి.

సార్ ఒప్పుకున్నారు. కొందరు గెస్టులు చిరాకు పడ్డారు. "నా కత్తి మీ పెట్టెలో ఎందుకు?" అని ఒకాయన నిలదీశాడు. "మీకు తుప్పు పట్టకుండా సార్" అని చెప్పాను. అదీ నిజమే. ఆ తర్వాత కూడా కత్తులు పోయాయి. ఒకటి గెడ్డ నీళ్ళలో కొట్టుకుపోయింది, ఒకటి వెదురు పొదలో ఉండిపోయింది. కానీ మళ్ళీ ఎవరి సంచీ తెరవలేదు. మీరు చేరే క్యాంపులో ఈ పద్ధతి లేకపోతే మొదటి రోజే అడగండి. ఏదైనా పోయాక అడిగితే, అడిగినవాళ్ళ మీదే అనుమానం వస్తుంది.

సంతలో

బుద్రా బావ మళ్ళీ క్యాంపులో అడుగు పెట్టలేదు. కాఫీ, మిరియం చూసుకుంటున్నాడు. నాతో మాటలు మానలేదు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ హాస్యాలు మొదలుపెట్టాడు. మరదలితో హాస్యం ఆడకుండా ఉండలేడు. అయితే ఒక కొత్త హాస్యం పట్టుకున్నాడు. సంతలో నేను కనపడగానే భుజాన ఉన్న సంచి దించి, రెండు చేతులతో మూతి విప్పి నా మొహం ముందు పెడతాడు.

"సూసుకో మరదలా. ఏటీ నేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. "పో బావా" అంటాను. లోపల ఎప్పుడూ అవే ఉంటాయి, చింతపండు, ఎండు చేపలు, అగ్గిపెట్టె. చూడకూడదనుకుంటూనే చూస్తాను. అందులో ఎంత కోపం ఉందో, ఎంత చనువు ఉందో నాకు తెలీదు. అడిగే ధైర్యం ఇన్నేళ్ళలో రాలేదు.

మొన్నటి సంతకి బావ మనవరాల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బడి నుంచి అటే తెచ్చినట్టున్నాడు, ఆ గుంటపిల్ల యూనిఫాంలోనే ఉంది. నన్ను చూడగానే బావ మామూలుగా సంచి విప్పాడు. పక్కవాళ్ళు నవ్వారు. ఆ గుంట తాతని చూసింది, నన్ను చూసింది. ఇది పెద్దవాళ్ళు కలిస్తే చేసే పలకరింపు అనుకుందో ఏమో, వీపున ఉన్న బడిసంచి దించి, జిప్పు బర్రున లాగి, రెండు చేతులా నా ముందుకి ఎత్తి పట్టింది. నేను చూసే దాకా అలాగే నిలబడింది.

బావ నవ్వు ఆగిపోయింది. నా మోకాళ్ళు వంగవు, అయినా ఎలాగో ఆ దుమ్ములో కూర్చున్నాను. లోపలికి చూడకుండా, తడుముకుంటూ జిప్పు మూసి, సంచి మళ్ళీ ఆ పిల్ల భుజానికి తగిలించాను.

"నీ సంచి ఎవరికీ సూపించక్కర్నేదమ్మా" అన్నాను. "నాక్కూడా."

లేవడానికి నాకు చెయ్యి కావాల్సి వచ్చింది. బావ అందించాడు.